మామయ్య తినని భోజనం

తైపే
9 మార్చి 1998

మామయ్యకి నమస్కారాలు.

నీకు ఫోన్ చేసి లాభం లేదని తెలిసీ నిన్న మళ్ళీ చేశాను. ఒంట్లో ఎలా ఉందని నేనడిగితే, నువ్వు పెళ్ళివిందు నలభై టేబుళ్ళకి తక్కువైతే ఒప్పుకోనన్నావు. ముప్పై ఏళ్ళుగా గ్యాస్ పొయ్యిల హోరు పక్కన నిలబడిన చెవులు మరి, వాటిననేం లాభం. అందుకే ఈ ఉత్తరం.

నేను ఇక్కడి పెద్దాసుపత్రి లాబులో చేరి రెండేళ్ళయింది. అమ్మ నీతో "రక్తం తీసే ఉద్యోగం" అని చెప్పిందట. తీయడమొక్కటే కాదు, తీసినదాన్ని గిరగిరా తిప్పి అందులో ఏముందో చూడటం కూడా నా పనే. మా ప్రొఫెసర్ షెన్ గారు ఇప్పుడొక కొత్త ప్రశ్న పట్టుకుని కూర్చున్నారు. జనమంతా పరగడుపున వచ్చి రక్తమిచ్చి, బాగుందనిపించుకుని, ఆ సంతోషంలో ఇంటికెళ్ళి విందు చేసుకుంటారు. కానీ మనిషి పరగడుపున ఉండేది తెల్లవారుజామున కాసేపే. మిగతా రోజంతా ఏదో ఒకటి తిన్న తర్వాతి సమయమే. ఆ తర్వాతి ఆరు గంటల్లో లోపల ఏం జరుగుతోందన్నది ఆయన ప్రశ్న.

నీకర్థమయ్యేలా చెబుతాను. కడిగి తుడవకుండా వదిలేస్తే నీ ఇనప మూకుడికి తుప్పు పడుతుంది కదా. బాగా కొవ్వూ తీపీ తిన్నాక మన ఒంట్లోనూ ఆ జాతి పనే కాసేపు జరుగుతుంది. పుస్తకాల్లో దానికి ఆక్సీకరణ ఒత్తిడి అని పేరు. ఒక పూటదైతే ఒళ్ళే తుడుచుకుంటుంది. తుడుచుకునేలోపే మళ్ళీ తింటూ పోతే రక్తనాళాల లోపలి పొర గరుకెక్కి, ఆ గరుకుని పట్టుకుని కొవ్వు పేరుకుంటుంది.

వంట వృత్తిలో ఉన్నవాళ్ళూ, పోల్చి చూడటానికి వేరే పనుల్లో ఉన్నవాళ్ళూ, యాభై దాటినవాళ్ళు మాకు కావాలి. నీకు యాభై ఏడు. ఒక వారం పాటు ఏం తిన్నావో రాసి పంపాలి. తర్వాత పన్నెండు గంటలు ఏమీ తినకుండా వచ్చి రక్తమివ్వాలి. మేమిచ్చే వెన్న సూపు తాగి, రెండేసి గంటలకోసారి మళ్ళీ ఇవ్వాలి. నా గదిలోనే ఉండొచ్చు. వస్తావా?

అత్తయ్యనడిగానని చెప్పు.

నీ మేనకోడలు
ఆ-మిన్


నైమెన్
20 మార్చి 1998

ఆ-మిన్‌కి మామయ్య దీవెనలు.

ఉత్తరం అందింది. మీ అత్తయ్య చదివి వినిపించమంది, వినిపించాను. తుప్పు పట్టిన మూకుడు దగ్గరికొచ్చేసరికి ఆవిడ నావైపు చూసిన చూపు నాకేమీ నచ్చలేదు. యూ-చిన్‌తో నాకు ముప్పై నాలుగేళ్ళ కాపురం, చూపుల్లో తేడా నాకు తెలుసు.

నువ్వు మంచి మనిషినే పట్టుకున్నావు. నీ ప్రొఫెసర్‌కి నాకంటే శుభ్రమైన రక్తం ఈ దీవి మొత్తంలో దొరకదు. ఎందుకంటే నేను తినను. ఇది గొప్పకి చెప్పడం కాదు, వృత్తి ధర్మం. రోడ్డు మీద టెంటు వేసి ఎనిమిది వందల మందికి పన్నెండు రకాలు వడ్డించేవాడు తానూ ఒక కుర్చీ లాక్కుని కూర్చుంటే ఆ విందు విందులా ఉంటుందా? మా నాన్న నేర్పిన మొదటి మాట, వంటపెద్ద కూర్చోడు. కూర్చున్నవాడే తిన్నవాడు. నిలబడి ఉన్నంతసేపూ నువ్వు పనిలో ఉన్నట్టు. ఆయన జీవితాంతం అలాగే ఉన్నాడు, నేనూ అలాగే ఉన్నాను.

ఈ నెలలో మంచి రోజులు ఎక్కువ. మొన్న ఒకే రోజు రెండు పెళ్ళిళ్ళు, మధ్యాహ్నం నలభై టేబుళ్ళు, సాయంత్రం అరవై. ఎర్ర పీత పెట్టిన జిగురన్నం, పందిపొట్టలో కోడిని దూర్చి కాచిన పులుసు, వేయించిన పక్కటెముకలు, చేమదుంప ముక్కలతో బాతు. పక్కటెముకలకి పిండి పట్టించడంలో మన కుటుంబానికొక పద్ధతి ఉంది. అది ఉత్తరంలో రాయను, దారిలో ఎవరైనా విప్పి చూస్తే కష్టం.

అడిగావు కాబట్టి ఒంటి సంగతి. అంతా బాగానే ఉంది. పని ఎక్కువైన రోజు ఎద మీద కాస్త గ్యాసు కూర్చుంటుంది. డబ్బాలో పొడి ఉంది, రెండు చెంచాలు వేసుకుంటే త్రేనుపు వచ్చి దిగిపోతుంది.

వారం రోజుల తిండి రాసిన కాగితం ఇందులో పెట్టాను. పొద్దున జావ, ఉప్పు ముల్లంగి. మధ్యాహ్నం పెళ్ళి, ఏమీ తినలేదు. సాయంత్రం పెళ్ళి, ఏమీ తినలేదు. ఏడు రోజులూ ఇంతే. కాగితం ఖాళీగా ఉందని నీ ప్రొఫెసర్ కంగారు పడితే మన సంగతి చెప్పు.

ఏప్రిల్ రెండున వస్తాను. నీకు మిగులు పులుసు తెస్తాను. విందులో మిగిలినవన్నీ కలిపి మరిగించిన ఆ రుచి తైపేలో ఎంత పెట్టినా దొరకదు.

మామయ్య
క్వో చింగ్-శుయ్


తైపే
14 ఏప్రిల్ 1998

మామయ్యా,

నువ్వు బస్సెక్కి వెళ్ళి పది రోజులు దాటింది. ఈ పది రోజులూ నీకేం రాయాలో తెలియలేదు. మిగులు పులుసు అయిపోయింది, చాలా బాగుంది. మంచి మాట ఇక్కడితో అయిపోయింది.

మొదట సూపు సంగతి. ఆ వెన్న సూపులో ఇంత కొవ్వు, ఇంత పంచదార అని గ్రాము లెక్కన తూచి పోస్తారు. అందరికీ ఒకటే ఉండాలి, అదే దాని ప్రాణం. నువ్వు ఒక గుటక వేసి, ఆ ఆహార నిపుణురాలితో "ఇది ఎవరికి పెట్టడానికమ్మా, ఖైదీలకా?" అన్నావట. అక్కడితో ఆగినా బాగుండేది. ఆవిడ ఫోన్ మాట్లాడి వచ్చేలోపు కింద క్యాంటీనుకెళ్ళి, పంది కొవ్వులో ఉల్లిపాయలు వేయించుకొచ్చి, గిన్నెలో కలిపి, నీతోపాటు వచ్చిన ఐదుగురికీ నీ చేత్తో వడ్డించావు. వాళ్ళు గిన్నెలు నాకారు. ఇప్పటిదాకా ఆ సూపుని పూర్తిగా తాగినవాళ్ళు ఎవరూ లేరట. ఆ ఆరుగురి ఫలితాలూ బుట్టలోకి పోయాయి.

అది పోతే పోనీ. అసలు సంగతి అంతకుముందే జరిగింది. పొద్దున ఏడింటికి పరగడుపున నీ రక్తం తీసింది నేనే. తిప్పి చూస్తే పైన తేరుకున్నది లేత పసుపు రంగులో తేటగా ఉండాలి. నీది పాలు. నీ పేరుకి తేటనీళ్ళని అర్థం, గొట్టంలో చూస్తే చిక్కటి పాలు. ప్రొఫెసర్ గారు గొట్టం లైటుకి పెట్టి చూసి అందరి ముందూ అన్నారు: "ఇది తిన్న మనిషి రక్తం. అబద్ధం చెప్పే మనిషి పరిశోధనకి పనికిరాడు. ఎవరు తెచ్చారు ఇతన్ని?"

తెచ్చింది నేను. చెయ్యెత్తాను.

మామయ్యా, నిజం చెప్పు. కోప్పడను. ఆ పొద్దున ఏమైనా తిన్నావా?

ఆ-మిన్


నైమెన్
25 ఏప్రిల్ 1998

శ్రీమతి లాబు అధికారిణి గారికి,

పొయ్యి దేవుడి ముందు అగరొత్తి వెలిగించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆయన మా వంటింట్లో గోడ మీదుండి అన్నీ చూస్తాడు, ఏడాదికోసారి పైకెళ్ళి చెబుతాడు. ఆయన సాక్షిగా నేను ఆ పొద్దున గానీ, ముందు రోజు గానీ కుర్చీలో కూర్చున్నది లేదు, గిన్నె పట్టుకున్నది లేదు, చాప్‌స్టిక్స్ ముట్టుకున్నది లేదు. ముందు రోజు అరవై టేబుళ్ళ పెళ్ళి ముగించి, నీ కోసం మిగులు పులుసు కట్టుకుని, నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే బస్సెక్కాను. ఆకలితో కళ్ళు తిరుగుతున్నా నీ పరువు కోసం పచ్చి మంచినీళ్ళు తాగి ఉన్నాను.

జరిగిందేమిటో నాకు తెలుసు. గొట్టాలు తారుమారయ్యాయి. నా వెనక కుర్చీలో ఒక టాక్సీ డ్రైవరున్నాడు, మెడ ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆ పాలు అతనివి. నా తేటనీళ్ళు అతని పేరు మీద పోయుంటాయి, ఆ మనిషి ఈపాటికి ధీమాగా పంది కాళ్ళు తింటూ ఉంటాడు. అతన్ని వెతికి పట్టుకో, ఒక ప్రాణం నిలబడుతుంది.

సూపు విషయంలో నేను క్షమాపణ చెప్పను. పాడు తిండి పెట్టి, తిన్నవాళ్ళ ఒంట్లో ఏం జరుగుతోందని అడిగితే ఏం జరుగుతుంది, ఏడుపు జరుగుతుంది.

ఊళ్ళో ఏమనుకుంటున్నారో తెలుసా? చింగ్-శుయ్ తైపేలో పరీక్ష రాస్తూ దొరికిపోయాడని. చేపల మార్కెట్లో ఆ ముసలి హ్సూ నన్ను చూసి "జవాబులు చేతి మీద రాసుకున్నావా, చీటీ పెట్టావా?" అన్నాడు. మీ అత్తయ్య అక్కడే ఉండి, నవ్వింది.

ఈమధ్య కింది దవడ ఎడమవైపు పీకుతోంది. పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళాను. ఒక పన్ను తీశాడు. తగ్గలేదు. పక్కది తీశాడు. అదీ కాదట. మూడోది తీస్తానంటే, నమలడానికి ఒకటైనా ఉంచమన్నాను. తీసిన పన్నొకటి ఈ కవర్లో పెట్టాను. నీ ప్రొఫెసర్‌కి చూపించి ఇందులో కూడా పాలున్నాయేమో అడుగు.

అవమానం మింగిన
నీ మామయ్య


తైపే
6 మే 1998

మామయ్యా,

పన్ను అందింది. కవరు విప్పుతుంటే పక్క కుర్చీ అమ్మాయి కెవ్వుమంది. డెంటల్ విభాగంలో చూపించాను. చాలా చక్కటి పన్నట, ఇంకో ఇరవై ఏళ్ళు ఉండాల్సిందట.

గొట్టాలు తారుమారు కాలేదు. టాక్సీ డ్రైవరు రక్తం తేటగా ఉంది, మెడ లేకపోయినా. అయినా నువ్వు అబద్ధం చెప్పావని నేననుకోవడం లేదు. రెండూ నిజమే ఎలా అవుతాయో నాకు తెలియడం లేదు, అంతే. ఆ రోజు అందరి ముందూ నీ తరఫున ఒక్క మాట మాట్లాడలేకపోయాను. అది నన్ను తినేస్తోంది.

ఇప్పుడు అది వదిలెయ్. దవడ గురించి అడుగుతాను, వేళాకోళం లేకుండా చెప్పు. ఎప్పుడు పీకుతుంది? పెద్ద గిన్నెలు ఎత్తినప్పుడా? విందు సగంలోనా? ఆ గ్యాసూ, ఈ దవడా కలిసి వస్తాయా? ఎడమ చెయ్యి బరువెక్కుతుందా?

ఒక విషయం రాయక తప్పదు. తాతయ్య ఎలా పోయాడో అమ్మ చిన్నప్పుడు చెప్పేది. యాభై ఎనిమిదో ఏట, ఒక పెళ్ళిలో తొమ్మిదో రకం వడ్డించాక, గ్యాసుగా ఉందని బోర్లించిన తొట్టి మీద కూర్చున్నాడట. ఆయన కూర్చోవడం అందరూ అదే మొదటిసారి చూడటం. మళ్ళీ లేవలేదు. ఊరంతా గ్యాసుతో పోయాడంది. మామయ్యా, గ్యాసుతో మనుషులు పోరు. కావ్‌శ్యుంగ్ పట్నం వెళ్ళి గుండె డాక్టరుకి చూపించు.

వెళ్ళవని తెలుసు. అందుకని ఇంకొకటి అడుగుతాను, నీ పరువు నిలబెట్టుకోవడానికే అనుకో. వచ్చే పెళ్ళిలో నీ నోట్లోకి చెంచా వెళ్ళిన ప్రతిసారీ అత్తయ్య ఒక ఎర్ర చిక్కుడు గింజ గిన్నెలో వెయ్యాలి. అంతే. గింజలు పదికి మించకపోతే ఆ లెక్క ప్రొఫెసర్ బల్ల మీద పెట్టి, మా మామయ్యకి క్షమాపణ చెప్పమని అడుగుతాను. ఉద్యోగం పోయినా సరే.

ఆ-మిన్


నైమెన్
15 జూన్ 1998

ఆ-మిన్,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను.

గింజల పందెం ఒప్పుకున్నాను. పదేమిటి, ఐదుకి మించవని మీ అత్తయ్యతో అన్నాను. ఆవిడ గింజల గిన్నెతో పాటు పక్కన ఒక పెద్ద అల్యూమినియం కుండ పెట్టుకుంది. ఇదెందుకంటే, "గింజలైతే నువ్వు చిన్నవంటావు" అంది.

జూన్ ఏడున అరవై టేబుళ్ళు. పొద్దున ఐదింటికి ఎముకల పులుసు పొయ్యెక్కింది. నేను నా పని చేసుకుంటున్నాను. చెంచా ముంచుతాను, నోట్లో పెట్టుకుంటాను, ఉప్పో వంటసారానో పోస్తాను, ముందుకు పోతాను. నా వెనకాలే ఆవిడ. నేను ఏ గిన్నెలోంచి ఎంత తీసుకుంటే ఆ గిన్నెలోంచి అంతే తీసి తన కుండలో పోస్తోంది. పక్కటెముక వేగిందా అని నేనొకటి కొరికితే ఆవిడ ఇంకొకటి కుండలో పడేసింది. పిండి పట్టిందా, తీపి సరిపోయిందా, జిగురన్నం అడుగంటిందా, అన్నీ చూడాలి కదా. రెండో పొయ్యి, మూడో పొయ్యి, మళ్ళీ మొదటిది. చివర్న మిగులు పులుసు కలుపుతూ నాలుగుసార్లు.

విందు అయ్యాక ఆ కుండ తెచ్చి నా ముందు పెట్టింది. నిండుగా ఉంది. పైన వేలెడు మందాన కొవ్వు పేరుకుంది. పనిలో పడి ఆవిడ కుండ సంగతే మరిచిపోయాను, ఎవరో కట్టించుకుని వదిలేశారనుకున్నాను.

"ఇది ఏ టేబుల్‌ది?" అన్నాను.

"నీ టేబుల్‌ది," అంది. "నువ్వు తినని భోజనం. కూర్చుని తిను, ఒక్కసారైనా."

స్టూలు వేసింది, గిన్నె పెట్టింది, చాప్‌స్టిక్స్ చేతికిచ్చింది. పక్కన గింజలు. నూట నలభై మూడు. కూరలు తరిగే ఆడవాళ్ళంతా పనాపేసి చూస్తున్నారు. నేను కూర్చున్నాను. ఆ కుండలో పావు వంతు కూడా తినలేకపోయాను. ముగ్గురు మనుషుల తిండి అది. ముప్పై ఏళ్ళుగా రోజూ అది తిని, జావ తాగి బతుకుతున్నానని ఊరంతా చెప్పుకున్నాను.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. ఆ రోజు నీ గదిలో పొద్దున ఐదున్నరకి నువ్వు నిద్రలో ఉన్నావు. బస్సులో ఊగి వచ్చింది కదా, పులుసు పులిసిందేమోనని మరిగించి చూశాను. ఉప్పు తక్కువైతే వేసి మళ్ళీ చూశాను. నాలుగైదు చెంచాలు. చూశాను, తినలేదు. పొయ్యి దేవుడి ముందు నేను చెప్పింది అబద్ధం కాదు, ఆ-మిన్. నాకు నిజంగా అది తిండని తెలియదు. టాక్సీ డ్రైవరుకి నా తరఫున నమస్కారం చెప్పు.

మర్నాడే మీ అత్తయ్య నన్ను కావ్‌శ్యుంగ్ లాక్కెళ్ళింది. కదిలే పట్టీ మీద నడిపించారు, నాలుగు నిమిషాలకే ఆపేశారు. దవడ అక్కడే పీకింది, ఏ పన్నూ లేని చోట. గుండె మీది నాళంలో ఒకచోట నూలుపోగంత దారి మిగిలిందట. బుడగ పెట్టి ఉబ్బించి, జల్లెడలాంటి తీగ గొట్టం ఇరికిస్తామన్నారు. ఆలస్యం చేయొద్దన్నారు.

కానీ ఇప్పుడు కుదరదు. కారణం వింటే నువ్వు కూడా సంతోషిస్తావు. గుండె నాళాల డాక్టర్ల సంఘం వాళ్ళ మహాసభ అక్టోబరులో కావ్‌శ్యుంగ్‌లో జరుగుతుందట. విందుకి నలభై టేబుళ్ళు నాకే ఇచ్చారు. ఆహ్వానం మీద సంఘం కార్యదర్శిగా నీ ప్రొఫెసర్ షెన్ సంతకం ఉంది. పెద్దమనిషి. నోటితో చెప్పలేని క్షమాపణని ఇలా చెప్పుకున్నాడు. ఆ విందు నా చేత్తో, నా నాలుకతో చేసి పెట్టాకే ఆసుపత్రి. మధ్యలో మంచాన పడితే ఆ బేరం చేతులు మారుతుంది. రుచి చూడొద్దన్నాడు ఆ డాక్టరు. రుచి చూడని వంటపెద్ద ఎవరికి కావాలి?

మామయ్య


తైపే
27 జూన్ 1998

మామయ్యా,

నీ ఉత్తరం లాబులో చదివి, మెట్ల మీదికెళ్ళి ఏడ్చాను. నువ్వు అబద్ధం చెప్పలేదు. ఇన్నాళ్ళకి రెండూ నిజమే అయ్యాయి.

ఇప్పుడు నేను చెప్పేది వింటే నీకు కోపం వస్తుంది. ప్రొఫెసర్ షెన్ క్షమాపణ చెప్పలేదు. ఆయనకి నువ్వెవరో గుర్తు కూడా లేదు. దక్షిణాన మంచి వంటవాళ్ళెవరని ఆఫీసులో అడిగితే, నీ పేరు రాసిచ్చింది నేను. ఆయన చదవకుండా సంతకం పెట్టారు. ఆ రోజు నీ కోసం మాట్లాడలేకపోయినందుకు చేసిన పని అది. ఇప్పుడదే నిన్ను మంచం ఎక్కకుండా ఆపుతోంది. గుండె డాక్టర్లకి విందు చెయ్యడం కోసం గుండె ఆపరేషన్ వాయిదా వేసుకున్న మనిషి చరిత్రలో ఇంకొకడు ఉండడు.

ఆ కార్యదర్శికే తెలియని క్షమాపణ కోసం నువ్వు చస్తే, నేను బతికున్నన్నాళ్ళూ ఆ చేత్తో సూది పట్టుకోలేను.

కాబట్టి నా బేరం ఇది. ఆగస్టు ఇరవై రెండున దయ్యాల నెల మొదలు. ఆ నెలంతా ఎవరూ పెళ్ళి పెట్టుకోరు, నీకెలాగూ పని ఉండదు. ఆ నెలలో కత్తికి ఒప్పుకునేవాడూ ఉండడు కాబట్టి ఆసుపత్రిలో మంచాలన్నీ ఖాళీ. అప్పుడు చేయించుకో. ఈలోగా మందులు వేసుకో, బరువులు ఎత్తకు, చెంచా ముట్టుకోకు. ఒప్పుకోకపోతే నీ పేరు రాసిన చేత్తోనే ఆ పేరు కొట్టేయిస్తాను. నలభై టేబుళ్ళూ చేపల మార్కెట్లో ఆ ముసలి హ్సూ తమ్ముడికి పోతాయి.

ఆ-మిన్


నైమెన్
24 సెప్టెంబరు 1998

ఆ-మిన్‌కి,

హ్సూ తమ్ముడి పేరు ఎత్తకుండా ఉండాల్సింది. ఆ మనిషి బాతుని కుక్కర్లో పెడతాడు.

దయ్యాల నెలలో ఆసుపత్రి ఏమిటని నేను గోల పెట్టాను. తిరిగే దయ్యాలు ఖాళీ మంచం కోసమే చూస్తుంటాయి కదా. మీ అత్తయ్య వాటికి ఇంటి ముందు బల్ల వేసి పన్నెండు రకాలూ వడ్డించి, "ఇవి తినండి, ఆయన జోలికి పోకండి. ఆయన రుచి చూడలేదు, ఉప్పు మీరే చూసుకోండి" అని చెప్పి నన్ను కారెక్కించింది. వార్డులో నేనూ, క్రైస్తవుడైన ఒక బడిపంతులూ తప్ప ఎవరూ లేరు. తొడలోంచి తీగ పోనిచ్చి గంటలో ముగించారు. బయటికొచ్చాక మెట్లెక్కాను. దవడ పీకలేదు. తీయించుకున్న రెండు పళ్ళ చోటు నాలుకతో తడుముకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాను. నాన్న గుర్తొచ్చాడు. ఆ తొట్టి మీద కూర్చున్న రోజు ఆయన పక్కన నేనున్నాను. పొడి కలిపిచ్చింది నేనే.

ఇక చెంచా సంగతి. మన వృత్తిలో వంటపెద్ద తప్ప ఇంకొకరు చెంచా నోట్లో పెట్టకూడదు. నాన్న చెంచా నాకిచ్చాడు, నేను ఇవ్వడానికి కొడుకు లేడు. మొన్న ఆదివారం చిన్న పుట్టినరోజు, ఎనిమిది టేబుళ్ళు. చెంచా మీ అత్తయ్య చేతికిచ్చాను. ముప్పై నాలుగేళ్ళుగా ఉల్లికాడలు తరిగిన మనిషి. పందిపొట్ట పులుసు ఒక్క గుక్క తీసుకుని, పక్కకి ఉమ్మేసి, టీతో పుక్కిలించి, "ఉప్పెక్కువ" అంది.

"ఎప్పటిలాగే వేశాను," అన్నాను.

"ఎప్పుడూ ఎక్కువే. పొద్దుటి నుంచి కొవ్వు తిని తిని నీ నాలుక మధ్యాహ్నానికే చచ్చిపోతుంది. ఆ తర్వాత వేసే ఉప్పంతా దానికి తెలియదు."

"ముప్పై నాలుగేళ్ళలో ఒక్కసారి చెప్పకపోయావా?"

"చెంచా నీ దగ్గరుంది," అంది.

అక్టోబరు పదిహేడున డాక్టర్లకి వంట చేస్తున్నది నేను, చూస్తున్నది ఆవిడ. నీకు మాటిచ్చినట్టే నోరు కట్టేసుకున్నాను.

మామయ్య


తైపే
26 అక్టోబరు 1998

మామయ్యా,

విందులో నిన్ను దూరం నుంచే చూశాను. స్టూలు మీద కూర్చుని చేత్తో సైగలు చేస్తున్నావు. అత్తయ్య పొయ్యి పొయ్యికీ తిరుగుతోంది. నా కళ్ళకి అంతకంటే మంచి విందు ఆ రోజు ఇంకోటి లేదు.

తర్వాతి కథ నీకు తెలియదు. ఆ సాయంత్రం ఆరింటిదాకా మా ప్రొఫెసర్ గారు "భోజనానంతర ప్రమాదం" అని ఉపన్యాసమిచ్చారు. ఆరున్నరకి నాలుగు వందల మంది గుండె డాక్టర్లు నీ టేబుళ్ళ దగ్గర కూర్చున్నారు. పన్నెండు రకాల్లో ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆయన ప్రతి టేబుల్‌కీ వెళ్ళి పలకరించి, ప్రతి టేబుల్ దగ్గరా మర్యాదకి ఒక ముక్క నోట్లో వేసుకుని, ఒక గుక్క తాగారు. నలభై టేబుళ్ళు. నేను గింజలు తీసుకెళ్ళలేదు గానీ లెక్క మాత్రం అలవాటైపోయింది.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి సభలో రక్తపరీక్ష ప్రదర్శన. నియమం ప్రకారం పరగడుపునే ఉన్నానంటూ ఆయనే ముందు చొక్కా చెయ్యి మడిచారు. తీసింది నేను. తిప్పాను. లైటుకి పెట్టాను.

పాలు, మామయ్యా. నీవే నయం.

రెండు వందల మంది చూస్తుండగా ఆయన ఎర్రబడిపోయి, "నేను రాత్రి భోజనం చెయ్యలేదు. మర్యాదకి రుచి చూశానంతే. గొట్టాలు తారుమారయ్యాయి" అన్నారు. నా నాలుక చివరి దాకా వచ్చింది, ఆరు నెలల నుంచి దాచుకున్న మాట. అబద్ధం చెప్పే మనిషి పరిశోధనకి పనికిరాడని. అక్కడ అనలేదు. నిన్నడిగి అందామని ఆగాను. సోమవారం లాబు సమావేశం ఉంది. నీ పాత గొట్టం ఫలితం, ఆయన కొత్త ఫలితం పక్కపక్కన పెట్టి అందరి ముందూ అడుగుతాను. నువ్వు ఊఁ అంటే చాలు.

ఆ-మిన్


నైమెన్
30 అక్టోబరు 1998

ఆ-మిన్‌కి మామయ్య దీవెనలు.

నీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వాను. మీ అత్తయ్య కూడా నవ్వింది. రెండోసారి చదివినప్పుడు ఇద్దరం నవ్వలేదు.

విందు రాత్రి అంతా అయ్యాక నీ ప్రొఫెసర్ టెంటు వెనక్కి వచ్చాడు. నేనెవరో ఆయనకి తెలియదు. మిగులు పులుసు ఒక సంచీ కట్టివ్వమని అడిగాడు. పాపం, చిన్నప్పుడు వాళ్ళమ్మ పెళ్ళిళ్ళ నుంచి తెచ్చేదట. నిలబడే రెండు చెంచాలు చూశాడు. చూసి, ఎద మీద చెయ్యి పెట్టుకుని, గ్యాసుకి ఏమైనా పొడి ఉందా అన్నాడు. నా పాత డబ్బా ఇంకా సామాన్ల పెట్టెలోనే ఉంది. అలవాటు కొద్దీ రెండు చెంచాలు కలిపిచ్చాను. నాన్నకి కలిపిచ్చినట్టే. ఈ రెండు రోజులుగా నాకు నిద్ర పట్టనిది ఆ పొడి వల్లే.

వద్దు, అందరి ముందూ ఏమీ అనకు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. నాకు తెలుసు, ఆ మాట నేనూ పొయ్యి దేవుడి ముందు చెప్పాను. సోమవారం దాకా కూడా ఆగకు. ఈ ఉత్తరం అందగానే ఆయన గదికెళ్ళి, తలుపు వేసి, నెమ్మదిగా అడుగు, ఎడమ దవడ పీకుతోందా అని.

పీకుతోందంటే, పళ్ళ డాక్టరు దగ్గరికి మాత్రం పోనివ్వకు.

మామయ్య